గోపన్న చెర - తానీషా చెర

భక్తుడు ఏడ్వవచ్చునా?

ఈ ప్రశ్న పండితసభలలో పుట్టినది కాదు; మన ఇండ్లలో పుట్టినది. ఇంటి పెద్ద కాలము చేసిన కొన్ని దినములకో, ఎదిగిన కుమారుడు దూరదేశమునకు తరలిన మరునాడో, ఉద్యోగము నుండి విరమించిన మనుష్యుడు ఉదయము పదిగంటలకు ఏమి చేయవలెనో తోచక వాకిట కూర్చున్న వేళనో, పలుకరింప వచ్చినవారు మంచి మనస్సుతోనే ఒక మాట అనుచుందురు: "నిత్యము తిరువారాధనము చేసికొనువారు, ఇంత భక్తి గలవారు, మీరే ఇట్లు బెంగపెట్టుకొన్న ఎట్లండీ?" ఆ మాట వినకముందు వారికున్నది ఒక్క దుఃఖము. విన్నపిమ్మట రెండు. పోయినదానికొరకు దుఃఖము ఒకటి. తన భక్తి చాలలేదు కాబోలునను సిగ్గు మరొకటి.

ఈ రెండవ దుఃఖము మనము అనవసరముగా తెచ్చిపెట్టుకొన్నదని నా అభిప్రాయము. అది శాస్త్రసమ్మతమును కాదు. ఈ విషయము విచారించుటకు దూరము పోనక్కరలేదు. మన హైదరాబాదు పాతబస్తీ వీధులలోను, వానికి పడమటగా నున్న గోలకొండ కోటలోను నడచిన ఒక కథ చాలును. అది తెలుగువారికందరకు తెలిసినదే. కాని మనము దానిని సగమే చెప్పుకొనుచున్నాము. రామదాసు చెరనుండి వెలువడుటతో కథ ముగించి, హారతి కన్నులకద్దుకొని లేచిపోవుదుము. ఆయనను చెరబెట్టిన ప్రభువు సైతము చెరలోనే కన్నుమూసినాడను శేషకథ హరికథలలో సాధారణముగా రాదు. ఆ రెండు చెరలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, మార్పు అనునది మనుష్యుని ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో కొంత బోధపడును.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారును కట్టించి ఈ నగరమునకు రూపు కల్పించెను. చార్మినారు నుండి దక్షిణముగా నడచినచో శాలిబండ వచ్చును. అచ్చట అక్కన్న మాదన్నల పేరు మోయుచున్న మహంకాళి ఆలయము కలదు. ఆషాఢమాసపు బోనాల ఉత్సవములలో అమ్మవారి ఘటము ఏనుగుపై ఊరేగునది ఈ గుడినుండియే. అటనుండి మిస్రీగంజ్ వైపు మరలినచో షా రాజూ అను సూఫీ గురువు దర్గా, దాని ఎత్తైన గుమ్మటము కానవచ్చును. గుడి మంత్రుల పేరును, దర్గా ప్రభువుయొక్క గురువు పేరును నిలిపినవి. మన కథలోని మనుష్యులు ఈ వీధులవారే.

ఆ ప్రభువు అబుల్ హసన్ కుతుబ్ షా. తానీషా అని మనము పిలుచుకొనునది ఈయననే. రాజబంధువే అయినను ఈయన యౌవనము రాజభవనములో గడువలేదు. షా రాజూ ఆశ్రమములో గడచినది. 14 ఏండ్లు అచ్చట నుండెనని చెప్పుదురు. (పదునాలుగేండ్లనగానే రామభక్తులకు మరొక కథ తలపునకు రాక మానదు. ఆ పోలికను నేను అంతకంటె సాగదీయబోను.) అబ్దుల్లా కుతుబ్ షాకు అల్లుడై, 1672లో ఆయన మరణానంతరము సింహాసనమెక్కెను. నిన్నటివరకు గురువుగారి గడపలో కూర్చున్నవాడు నేడు గోలకొండ గద్దెపై కూర్చున్నాడు. ఆయన కొలువులో మాదన్న లేఖకుని పనినుండి పైకి వచ్చి ప్రధానమంత్రి యయ్యెను. అన్న అక్కన్నయు పెద్దపదవి నధిష్ఠించెను. ఆ అన్నదమ్ములకు మేనల్లుడు కంచెర్ల గోపన్న. నేలకొండపల్లివాడు. మేనమామల ప్రాపకమున పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యెను.

తరువాతి కథ మీరెరిగినదే. భద్రగిరిపై శ్రీరామచంద్రునికి ఆలయము కట్టించి, నగలు చేయించి, అందులకు పరగణాలో వసూలైన శిస్తు సొమ్మును వెచ్చించెను. ఆరు లక్షలని సంప్రదాయము చెప్పును. ప్రభుత్వమునకు చెల్లవలసిన ధనము చెల్లకపోవుటచే గోపన్న గోలకొండ చెరపాలయ్యెను. 12 ఏండ్లు ఆ చెర సాగినదని ప్రసిద్ధి.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. మన నాటకములలో తానీషాను క్రూరునిగా చూపుట కొందరకు అలవాటు. అది న్యాయము కాదు. ఖజానా లెక్క అడుగుట ప్రభుధర్మము. ప్రజలిచ్చిన శిస్తు ఎంత పుణ్యకార్యమునకు వెచ్చించినను, అధికారి తన ఇష్టానుసారము వెచ్చింపరాదు. గోపన్నయు తన కీర్తనలలో ఆ ధనము తనదని ఎన్నడును వాదింపలేదు. తాను దానిని తినివేయలేదని, రామునికే పెట్టితినని మాత్రమే మొరపెట్టుకొనెను. కనుక ఈ కథలో దుష్టుడెవ్వడును లేడు. దుష్టుడు లేని దుఃఖమే నిజమునకు మన ఇండ్లలో ఎక్కువ. ఎవరిని నిందింపవలెనో తెలియక మనస్సు తనను తానే నిందించుకొనుట అందువలననే.

గోలకొండ కోటలో బాలాహిస్సారునకు ఎక్కుచు పోవు యాత్రికునకు రామదాసు బందీఖానా అని చూపుదురు. చీకటి గది. గోడమీద శ్రీరామ లక్ష్మణ ఆంజనేయ మూర్తులు చెక్కబడియున్నవి. గోపన్నయే తన చేతులతో చెక్కినాడని పెద్దల మాట. ఆ గదిలో కొలదిసేపు నిలిచినను, పండ్రెండేండ్లు అనగా ఏమో లోపలికి ఇంకును.

ఆ చీకటిలో పుట్టినవని మనము పాడుకొను కీర్తనలను జ్ఞాపకము చేసికొనుడు. వానిలో శాంతుడైన యోగి మనకు కనబడునా? కనబడడు. ఒక కీర్తనలో ఆయన లెక్కలు చదువును. సీతమ్మకు చేయించిన నగకు ఇంత, లక్ష్మణునకు చేయించినదానికి ఇంత, భరతునకింత అని వరుసగా ఎత్తి చూపి, ఈ సొమ్ములు ఎవరబ్బ సొమ్మని ధరించి తిరుగుచున్నావని ప్రభువును నిలదీయును. అదే కీర్తన ముగియకముందే మనస్సు మెత్తబడి, దెబ్బలకు తాళలేక అనిన మాటలుగాని వేరు కాదు, కోపగింపకుమని వేడుకొనును. ఒక్క కీర్తనలోనే కోపమును కన్నీరును క్షమాపణయు ఉన్నవి. సంకెళ్లలో నున్న మనుష్యుని మనస్సు నిమిషనిమిషమునకు మారుచుండును గదా! ఆయన దానిని దాచలేదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. ఇట్లు ఏడ్చి, కోపించి, నిష్ఠూరములాడినవాడు భక్తుడెట్లయ్యెను? సుఖదుఃఖములను సమముగా చూడుమని గీతాచార్యుని ఉపదేశము గదా?

గీత రెండవ అధ్యాయములో భగవానుడు శీతోష్ణములను, సుఖదుఃఖములను గూర్చి చెప్పుచు, ఇవి వచ్చిపోవునవి, ఓర్చుకొమ్మని అర్జునునికి బోధించినాడు. ఓర్చుకొమ్మనినాడే గాని, నీకవి తగులనే తగులవని చెప్పలేదు. చలి తగులనివానికి ఓర్పుతో పనియేమి? శ్రీ భగవద్రామానుజులవారు ఈ శ్లోకమునకు భాష్యము వ్రాయుచు మరింత విశదము చేసిరి: యుద్ధము మొదలైన కర్తవ్యకర్మ ముగియునంతవరకు ధైర్యముతో సహింపవలెనని వారి వివరణము. అనగా ఓర్పు చేయవలసిన పనికొరకు. కన్నీరు ఎండిపోవుటకొరకు కాదు. కన్నీరు కారుచుండగనే చేయి చేయవలసిన పని చేయవచ్చును.

ఇంతకంటె పెద్ద ప్రమాణము శ్రీమద్రామాయణమే. పట్టాభిషేకము జరుగవలసిన ఉదయమున కైకేయి నోట వనవాసపు మాట విన్న శ్రీరాముని ముఖములో మార్పు లేదని వాల్మీకి చెప్పెను. పల్లకి ఎక్కవలసినవాడు నారచీరలు కట్టుకొని బయలుదేరినను ఆ ముఖశోభ తరుగలేదు. సమత్వమనగా ఇదియేనని మనము మెచ్చుకొందుము. మంచిదే. అయితే ఆ రామచంద్రుడే అరణ్యకాండలో పర్ణశాల శూన్యముగా నుండుట చూచి ఏమి చేసెను? చెట్టును చెట్టును అడిగెను. లేళ్లనడిగెను. ఉన్మత్తునివలె పరుగిడెను. లక్ష్మణుడు ఓదార్పవలసి వచ్చెను. వాల్మీకి దీనిని ఏమాత్రము దాచక సర్గలకు సర్గలు వ్రాసెను.

ఒక్క రామునియందే ఈ రెండును ఏల? ఈ ప్రశ్నను నేను చాలకాలము నుండి తలపోయుచున్నాను. నాకు తోచినది ఇది. రాజ్యము వస్తువు, సీత ప్రాణము. వస్తువు పోయినపుడు ముఖము మారకుండుట ధీరత్వము. ప్రేమించిన వ్యక్తి దూరమైనపుడు సైతము ముఖము మారకుండుట ధీరత్వము కాదు; ప్రేమలేమి. పదవి పోయినదని, ఇల్లు అమ్మవలసి వచ్చినదని నెలల తరబడి కుమిలిపోవువాడు గీతాశ్లోకమును మరల చదువవలసినదే. కాని సహధర్మచారిణిని పోగొట్టుకొన్న వృద్ధునికి ఎవరైనను అదే శ్లోకము చదివి వినిపించినచో, ఆ శ్లోకమునకే అపచారము. వానికి అరణ్యకాండ చదివి వినిపింపవలెను.

గోపన్న దుఃఖము ఈ రెండింటిలో ఏది? ఉద్యోగము పోయినదని ఆయన ఎక్కడను పాడలేదు. పాల్వంచను అడుగలేదు. రాముడు పలుకుటలేదన్నదే ఆయన బాధ. నమ్మాళ్వారులు తమను నాయికగా భావించుకొని, స్వామి రాలేదని కన్నీటితో పాడిన పాశురములను మన ఆలయములలో నిత్యము అనుసంధించుచున్నాము. ఆ కన్నీరు తప్పని ఏ ఆచార్యుడును అనలేదు. దానికి వ్యాఖ్యానములు వ్రాసి శిరస్సున ధరించిరి. గోపన్న ఏడుపు ఆ జాతికి చెందినది.

శరణాగతికి పాంచరాత్ర ఆగమములు ఆరు అంగములను చెప్పినవి. భగవంతునికి అనుకూలముగా నుండవలెనను సంకల్పము, ప్రతికూలమును విడుచుట, రక్షించునను మహావిశ్వాసము, రక్షకునిగా వరించుట, ఆత్మను అప్పగించుట, కార్పణ్యము. చివర చెప్పిన కార్పణ్యము మన ప్రసంగములలో త్వరగా దాటిపోవు మాట. నాకు వేరు గతి లేదు, నా బలము చాలదు అని ఒప్పుకొనుటయే కార్పణ్యము. మొసలి పట్టిన గజేంద్రుడు వేయి సంవత్సరములు తన బలముతోనే పోరాడెను. బలము చాలదని తెలిసిన క్షణమున పిలిచెను. కన్నీరు కార్పణ్యమునకు నోరులేని భాష. శాస్త్రము దానికి శరణాగతిలోనే చోటు చూపినపుడు, సిగ్గుపడుట ఎందులకు?

గోపన్న ఇంకొక పని చేసెను. తండ్రి పలుకనపుడు తల్లిని ఆశ్రయించెను. ఏకాంతమున నున్నపుడు తన మాట స్వామికి చెప్పి బ్రోవుమనుమని సీతమ్మతల్లిని వేడిన ఆ కీర్తన పాడని తెలుగు ఇల్లు ఉండదు. మన సంప్రదాయములో దీనిని పురుషకారమందురు. అమ్మవారు నడుమ నిలిచి, జీవుని తప్పులను మరపించి, స్వామి దయను కదిలించును. ఆచార్యులు పెద్ద గ్రంథములలో ప్రతిపాదించిన ఈ విషయమును, ఇంటిలో దెబ్బలు తిన్న పిల్లవాడు వంటింటి తలుపు చాటున నిలిచి తల్లి కొంగు పట్టుకొన్నట్లు, గోపన్న ఒక పాటలో తెలిపినాడు.

పూర్వజన్మమున ఒక చిలుకను పంజరమున బంధించినందులకే గోపన్నకు ఈ చెర ప్రాప్తించినదని చెప్పుకొను కథ ఒకటి కలదు. కర్మసిద్ధాంతమును నేను కాదనను. కాని ఆ కథ మనము మన దుఃఖమునకు చెప్పుకొనదగినదే గాని, ఎదుటివాని దుఃఖమునకు చెప్పదగినది కాదు. పలుకరింపబోయి చిలుక కథ చెప్పి వచ్చువారు పలుకరింపక యున్ననే మేలు.

శ్రీరాముడు రామోజీ రూపమున, లక్ష్మణుడు లక్ష్మోజీ రూపమున తానీషాకు కనబడి పైకము చెల్లించి రసీదు పుచ్చుకొనిరని, మరునాడు గోపన్న విడుదలయ్యెనని భక్తలోకపు నమ్మకము. అంతకాలము పిలిచినవానికి కాక, పిలువని తానీషాకు ముందు దర్శనమయ్యెనని మన పెద్దలు ఆశ్చర్యపడి చెప్పుచుందురు. కథ సాధారణముగా ఇచ్చట ఆగును. ఆగిన పిదప ఏమయ్యెనో చూతము.

1685లో మొగలు సైన్యము హైదరాబాదు నగరమున ప్రవేశించి దోచుకొనెను. నగరమున అలజడి పెరిగెను. ఏ మంత్రుల మాటకు రాజ్యమంతయు తలయూచెనో, ఆ అక్కన్న మాదన్నలు 1686లో వీధిలో హత్యకు గురియైరి. మరుసటి సంవత్సరమే ఔరంగజేబు గోలకొండను చుట్టుముట్టెను. ఎనిమిది నెలలు కోట లొంగలేదు. 1687 సెప్టెంబరులో లోపలివాడొకడే ఒక రాత్రి ద్వారము తెరచుటచే కోట పడిపోయెను.

ఆ తెల్లవారుజామున తానీషా ఎట్లుండెనో మొగలు చరిత్రకారుడైన ఖాఫీఖాన్ వ్రాసియుంచినాడు. శత్రుపక్షపువాని లేఖిని గనుక పొగడ్తకొరకు వ్రాసినదని అనుటకు వీలులేదు. కేకలు విని తానీషా అంతఃపురమునకు పోయి స్త్రీలను ఓదార్చి, తప్పులున్న మన్నింపుమని అడిగి సెలవు తీసికొనెను. సభాభవనమునకు వచ్చి, రాబోవు అతిథులకొరకు ఎదురుచూచువానివలె కూర్చుండెను. భోజనవేళ కాగా వడ్డింపుమనెను. పట్టుకొనవచ్చిన సేనానులను మర్యాదతో పలుకరించి భోజనము సాగించెను. ఇట్టి సమయమున అన్నమెట్లు సహించుచున్నదని వారాశ్చర్యపడిరి. తనకు పేదరికమిచ్చినవాడు, ఆపైన రాజ్యమిచ్చినవాడు ఒక్కడేయని, ఆ దయామయుని సంకల్పము ఇపుడిట్లున్నదని ఆయన సమాధానపు సారము. అటుపిమ్మట దౌలతాబాదు కోటలో బందీగా 12 ఏండ్లు గడపి, 1699లో అచ్చటనే మరణించెను.

పండ్రెండు, పండ్రెండు. గోపన్నను బంధించిన పాపము చుట్టుకొన్నదని లెక్కలు కట్టువారు లేకపోలేదు. ఇది మరల చిలుక కథయే. నాకా లెక్క రుచింపదు. నేను గమనించునది వేరు. గద్దె పోయిననాడు తానీషా ముఖము మారలేదు. ఏలయన, గద్దె రాకముందు ఆయన ఎక్కడ కూర్చుండెనో ఆయనకు గుర్తున్నది. మిస్రీగంజ్‌లోని గురువు గడపలో నేర్చిన పాఠము గోలకొండ సభాభవనములో పనికివచ్చెను. గోపన్న ఏడ్చెను, తానీషా ఏడ్వలేదు. కనుక తానీషాయే గొప్ప జ్ఞాని యని తీర్మానింతుమా? పోయినవి వేరు వేరు గదా. ఒకరికి పోయినది రాజ్యము. మరియొకరికి దొరకనిది రాముని పలుకు. ఇద్దరును ఒక్క విషయమున మాత్రము కలియుదురు. తమకు వచ్చిన మార్పును ఇద్దరును ఒక్కనికే నివేదించుకొనిరి. ఒకరు నిబ్బరముతో, మరొకరు నిష్ఠూరముతో.

సుఖమను మాట ఇంతవరకు నేను ఎక్కువగా ఎత్తలేదు. పరిస్థితులు మారకుండుట సుఖమని మనలో లోపల ఎక్కడనో ఒక భ్రమ కలదు. మారకుండునది ఏదియు లేదని నోటితో అందుము. అయినను మన ఇల్లు, మన వీధి, మన పిల్లలు ఆ సూత్రమునకు మినహాయింపని తలతుము. శ్రీవైష్ణవ సంప్రదాయము సుఖమును స్థితిలో వెదుకదు, కైంకర్యములో చూపును. లక్ష్మణుడు అయోధ్య విడుచునపుడు రామునితో కోరినదేమి? మేల్కొని యున్నను నిదురించుచున్నను మీ ఇరువురకు సేవయంతయు నేనే చేయుదునని. పదునాలుగేండ్ల అడవి ఆయనకు నష్టముగా తోచలేదు. సేవకు చిక్కిన అవకాశముగా తోచెను. పూర్వాచార్యులు కైంకర్యనిష్ఠకు లక్ష్మణుని ఆదర్శముగా చూపుట ఇందువలననే.

ఇపుడు గోలకొండ చెరగోడను మరల చూడుడు. భద్రాచలములో గోపన్నకు పెద్ద గుడి కలదు, మూలమూర్తులు కలవు, చేయించిన నగలు కలవు. చెరలో ఒక్క గోడయు, ఏదో కొనతేలిన ఇనుపముక్కయు మాత్రమే దక్కియుండవచ్చును. ఆ గోడమీద గీచుకొన్న మూర్తులకు నగలు లేవు, గోపురము లేదు, కల్యాణమంటపము లేదు. అయినను కైంకర్యము ఆగలేదు. ఉదయము కీర్తనలో అలిగి, సాయంత్రము అదే చేతితో ఆ మూర్తికి మరొక గీత దిద్దియుండునని నేను ఊహించుకొందును. నిన్నటి పెద్ద సేవ చేజారినదని నేటి చిన్న సేవను ఆయన విడువలేదు.

ఒక్క మనుష్యునకే గాక, ఊరికి సైతము ఇట్టి దినము వచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఈ నగరముపై విరుచుకొనిపడెను. పదునైదువేల మంది వరకు మరణించిరని అంచనా. వంతెనలు కొట్టుకొనిపోగా, 1578లో కట్టిన పురానాపుల్ నిలిచినది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ సమయమున నిజాము ప్రభువైన మహబూబ్ అలీ పాషా పెద్దల సలహాపై నదీమతల్లికి చేటలో పసుపుకుంకుమలు సమర్పించెనని లాల్ దర్వాజా వైపువారు నేటికిని చెప్పుకొందురు. సింహాసనము మీదివాడు నీటిముందు చేతులు జోడించుట కార్పణ్యము కాక మరేమి? అంతటితో నగరము ఊరకుండలేదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి సూచనల ననుసరించి 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియయ్యెను. ముంచిన నీటినే తరువాతి తరములు త్రాగినవి. ఏడ్చిన ఊరే చెరువు త్రవ్వినది. ఏడ్పు పనికి అడ్డము రాలేదు.

ఇపుడు మన ఇండ్ల సంగతి. పాతబస్తీలో తరతరములుగా నున్న కుటుంబములు కొన్ని దూరపు కాలనీలకు తరలిపోయినవి. పిల్లల ఉద్యోగములు, ఇరుకైన ఇండ్లు, ఎవరి కారణములు వారివి. వైకుంఠ ఏకాదశినాడు మూసీ ఒడ్డున జియాగూడ శ్రీరంగనాథస్వామివారి ఉత్తరద్వార దర్శనమునకు తెల్లవారుజామున నడచిపోయినవారు నేడు రెండు బస్సులు మారి రావలసియున్నది. మోకాళ్లు సహకరింపనివారు రానేలేరు. ఏండ్ల తరబడి స్వామికి తులసిమాల కట్టి తెచ్చిన తల్లులు, ఎనిమిదవ అంతస్తులోని ఇంట కిటికీ దగ్గర కూర్చుండి, నాకింక సేవ లేదని కంటనీరు పెట్టుకొనుట నేనెరుగుదును.

వారికి ఊరట చెప్పబోవు కోడండ్రకు, కుమారులకు నా మనవి ఒక్కటే. ఏడ్వవలదని చెప్పకుడు. ఆ గుడి ఆ తల్లికి గోడలు కాదు. రోజూ పలుకరించిన మనిషి వంటిది. కొంతసేపు ఆమె చెంత కూర్చుండి ఆ గుడి మాటలే మాటలాడించుడు. కిటికీలో ఒక కుండీ పెట్టి తులసి నాటుడు. పది దళములు చాలును. నెలకొకసారి ఆ మాలను ఎవరైన స్వామికి చేర్చవచ్చును. చేర్చలేని దినములలో ఇంటి పటమునకు వేయవచ్చును. ఇది పసిపిల్లకు బొమ్మ ఇచ్చి మరపించుట వంటిది కాదు. గోలకొండ గోడమీది రాముడు భద్రాచల రామునికంటె తక్కువ రాముడు కాడు. ఉద్యోగ విరమణ చేసిన తండ్రికి గుడి హుండీ లెక్కలు సరిచూచు పనియో, వీధి పిల్లలకు సాయంకాలము నాలుగు శ్లోకములు నేర్పు పనియో ఒప్పగించినను అంతే. నిన్నటి అధికారము రాదు. పదిగంటల వేళకు మాత్రము ఒక అర్థము వచ్చును.

తానీషాను గూర్చి ఒక మాట మిగిలియున్నది. గోలకొండ కోటకు చేరువలో కుతుబ్ షాహీ సుల్తానుల సమాధులు, నల్లరాతి పలకలతో, పెద్ద గుమ్మటములతో నేటికిని నిలిచియున్నవి. ఆ వంశపు కడపటి ప్రభువైన తానీషాకు మాత్రము అచ్చట సమాధి లేదు. దౌలతాబాదు సమీపమునగల ఖుల్దాబాదులో ఆయనను పూడ్చిరి. కాని శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము పక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు భద్రాచలమునకు పంపు ఆచారము తానీషా నాటిదని ప్రతీతి. కుతుబ్ షాహీలు పోయిరి, ఆసఫ్ జాహీలు పోయిరి, రాష్ట్రముల పేర్లు సరిహద్దులు మారినవి. ఏటేట చైత్రశుద్ధ నవమినాడు హైదరాబాదు నుండి ఆ ముత్యములు పళ్లెరములో భద్రగిరి చేరుచునే యున్నవి.